సౌండు పోలేదు, కోయవద్దు

ఈమధ్య మా పర్చూరులో కొత్తగా తెరిచిన హాల్లో ఆపరేటర్లుగా చేరిన ముగ్గురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళకి మిషన్లో వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీలు తెలియవు, రీళ్ళు తెలియవు. సినిమా మొత్తం అరచేతిలో పట్టే పెట్టెలో వస్తుంది, మీట నొక్కితే ఆడుతుంది. అయినా మర్యాద తెలిసిన పిల్లలు. ముప్పై ఆరేళ్ళు సినిమాలు వేశారు కదా మస్తాన్ వలి గారూ, సైన్స్ ఫిక్షన్ ఫైటింగ్ సినిమాల్లో ఇప్పటికీ చూడదగ్గవి చెప్పండి అని అడిగారు. రెండు మూడు చెప్పాను. ఫోన్లలో రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళకి చెప్పాల్సిన అసలు సినిమా మాత్రం చెప్పలేదు. మర్చిపోయి కాదు, తెలిసే దాటేశాను. ఆ సినిమా గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

సినిమాల పేర్లు మాత్రం అడగకండి. డబ్బింగ్ చేసేవాళ్ళు వాటికి నోటికొచ్చిన పేరు పెట్టేవాళ్ళు. ఆ పేర్లు మావాళ్ళెవరూ పలికేవాళ్ళు కాదు. బోరు సినిమా, ఎగిరే ఊళ్ళ సినిమా, చేతుల సినిమా, ఇవీ మా పేర్లు. ఇక్కడా అవే రాస్తాను.

కంతలోంచి

ఆపరేటర్‌కి రోజూ సినిమా చూసే అదృష్టం ఉంటుందని జనం అనుకుంటారు. ఆపరేటర్ సినిమా చూడడు. కార్బన్ మంట సరిగా ఉందా, బొమ్మ మసకబారిందా, తెర మూలన చుక్క పడిందా అని చూస్తాడు. చుక్క పడిందంటే రీలు అయిపోవస్తోందని, రెండో మిషన్ మొదలుపెట్టాలి. ఈ లోపల మిషన్ మోతలో తెర మీద ఎవరు ఏమన్నారో సగం వినబడదు. గోడకి జానెడు కంత, అందులోంచి ముక్కలు ముక్కలుగా కనబడే బొమ్మ, అంతే మాకు దక్కేది.

మా నాన్న దూదేకేవాడు. విల్లు మోతలో పక్కన మనిషి పిలిచినా ఆయనకి వినబడేది కాదు. దూది ఏకిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పేవాడు. నేనూ సినిమాని అలాగే చూడటం నేర్చుకున్నాను. మాటలు తీసేసి, నలభయ్యోసారి చూసినా కన్ను తెర మీద నిలబడిందంటే అది గట్టి సినిమా. ఎన్ని విమర్శలు చదివినా నాకు ఇంతకన్నా మంచి కొలత దొరకలేదు.

నాకు పని నేర్పిన కోటయ్య గారు ఇంకో మాట చెప్పారు. ఆయన కోపిష్టి. తెగిన ఫిల్ము అతికే జాయింట్ వంకరగా వేస్తే వేళ్ళమీద కొట్టేవాడు. కానీ పనిలో ఆయన చెప్పిందేదీ వృథా పోలేదు.

"తెర చూడకురా, జనం వీపులు చూడు. సినిమా ఎట్టా ఉందో ఆ వీపులే చెబుతాయి" అనేవాడు.

ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో ముందు ముందు చదువుతారు.

బోరు సినిమా

ఉద్యోగంలో మొదటి రెండేళ్ళు పొదిలిలో చేశాను. అక్కడుండగా వచ్చింది ఈ సినిమా. నీటిచుక్క లేని ఒక గ్రహం మీద కొందరు పనివాళ్ళు నీళ్ళకోసం బోర్లు వేస్తుంటారు. వేసిన ప్రతి బోరూ ఎండిపోతుంది. చివరికి ఒక బోరులోంచి నీళ్ళకు బదులు పెద్ద జంతువు పైకొస్తుంది. ఇక తుపాకులు, మంటలు, పరుగులు. పోస్టరు నిండా జంతువు బొమ్మే వేశారు.

జనం వచ్చారు గానీ జంతువుని చూసి కేకలు వేయలేదు. బోరు దిగుతున్నప్పుడు వేశారు. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే నేల తరగతిలో కూర్చున్న రైతులు గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రాయి తగిలింది, ఆపమను అని ఒకాయన తెరకి సలహా ఇచ్చాడు. పైకొచ్చే దుమ్ము రంగు మారగానే తేమ ఉందిరా అంటూ ఇంకొకాయన లేచి నిలబడ్డాడు. ఆఖర్న జంతువు చచ్చి, అదే బోరులోంచి బురద నీళ్ళు నాలుగు గుక్కలు పైకొస్తే హాలంతా చప్పట్లు.

ఆ జంతువు రబ్బరుదని అప్పుడే తెలిసిపోయేది. ఈనాటి పిల్లలైతే దాన్ని చూసి జాలిపడతారు. అయినా ఆ సినిమా ఈరోజు వేసినా ఆడుతుందని నా నమ్మకం. ఆ పనివాళ్ళకి ఏం కావాలో మొదటి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది, అది మనకీ కావలసిందే. సైన్స్ ఫిక్షన్ అంటే లేని లోకాన్ని చూపించడం అని చదువుకున్నవాళ్ళు చెబుతారు. పొదిలి రైతులకి అది ఉన్న లోకమే, గ్రహం ఒక్కటే మారింది.

ఎగిరే ఊళ్ళ సినిమా దీనికి పూర్తిగా ఎదురు. ఊళ్ళకి ఊళ్ళే గాల్లో లేచి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అలాంటిది ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు. పర్చూరులో రెండు వారాలు హాలు నిండింది. నేనూ పిచ్చెక్కినట్టు చూశాను, చుట్టాలందరినీ పిలిచి చూపించాను. మూడేళ్ళ తర్వాత అదే సినిమా మళ్ళీ వేస్తే, అప్పుడు నోళ్ళు తెరుచుకు చూసినవాళ్ళే ఊళ్ళకి కట్టిన తీగలు ఒకరికొకరు చూపించుకుని నవ్వారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. వింత తప్ప ఇంకేం లేని సినిమాకి ఆ వింత తీరిపోగానే ఆయుష్షు తీరుతుంది.

ఇంతవరకూ ఆ ముగ్గురికీ చెప్పాను. చెప్పనిది ఇక్కణ్ణుంచి.

తొమ్మిది నిమిషాలు

చేతుల సినిమా వచ్చేటప్పటికి నాకు ముప్పై దాటాయి. పర్చూరులో మా రేకుల హాల్లో నేనే పెద్ద ఆపరేటర్ని. కథ చాలా సూటిగా ఉంటుంది. ఆకాశంలో తిరిగే పెద్ద ఓడ ఒకటి అదుపు తప్పి, కింద ఉన్న నగరం మీద పడబోతుంటుంది. శత్రువులు ఒక పక్కనుంచి కాలుస్తూనే ఉంటారు. ఓడ ఇంజను ఆపడం తెలిసినవాడు ఒకే ఒక్క ముసలి మెకానిక్. పేలుడు జరిగి అతను విరిగిన రేకు ముక్క మీద ఓడకి దూరంగా కొట్టుకుపోతుంటాడు. ఇంజను దగ్గర కొత్తగా పనికి చేరిన అమ్మాయి మిగిలింది. వైర్‌లెస్ పనిచేయదు. ఇంజను ఆపే అయిదు మీటలు ఏ వరసలో లాగాలో ముసలాయన చేతి సైగలతో నేర్పుతాడు. ప్రతి నిమిషం ఇంకాస్త దూరం పోతుంటాడు, చేతులు చిన్నవైపోతుంటాయి. చివరికి వేలు చూపించి తిప్పుతాడు, మళ్ళీ చెప్పు అని. నేర్పినవాడు అప్పజెప్పించుకుంటాడు కదా, అలా. ఆ అమ్మాయి అయిదు సైగలూ తిరిగి చేస్తుంది. అప్పటికి అతను ఎక్కడున్నాడో కనబడడు. అయినా ఆపకుండా చేస్తూనే ఉంటుంది.

ఆకాశంలో గాలి లేదు, శబ్దం ఉండదు. అందుకని తీసినవాడు ఆ తొమ్మిది నిమిషాలూ సౌండు మొత్తం తీసేశాడు. మ్యూజిక్కు లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు.

నాకా సంగతి తెలియదు. శుక్రవారం మ్యాట్నీ. క్యాబిన్లో ఉండే చిన్న స్పీకరు ఉన్నట్టుండి మూగబోయింది. కింద నుంచి కేకలు, "ఒరేయ్ ఆపరేటర్, సౌండు!" సౌండు చదివే చిన్న బల్బు ఒకటి మిషన్లో ఉంటుంది. అది మాడిందనుకున్నాను. బాగానే వెలుగుతోంది. అయినా నమ్మక వేళ్ళు కాల్చుకుంటూ మార్చేశాను. వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. బుస్సుమని గాలి మోత తప్ప ఏమీ రాలేదు. హాలంతా ఈలలు, బెంచీల మోత. అలా తొమ్మిది నిమిషాలు చెమటలు కక్కాక ఓడ మీద బాంబు పడింది. వాల్యూమ్ చివర్న ఉంది కదా, రేకులు ఎగిరిపోయాయన్నంత చప్పుడుకి ముందు వరసలో ఒకాయన బెంచీ మీంచి కిందపడ్డాడు.

అంత గోలలోనూ కంతలోంచి ఒకటి చూశాను. మూడో బెంచీ వాళ్ళు ఈలలు వేయడం లేదు. అందరూ ఒక పక్కకి తిరిగి, చివర్న కూర్చున్న ఒక అమ్మాయి చేతుల వంక చూస్తున్నారు. వీపులు చూడరా అన్న కోటయ్య గారి మాట అప్పుడు నాకు గుర్తు రాలేదు.

మ్యాట్నీ అయ్యాక యజమాని సుబ్బారావు గారు పైకొచ్చారు. మంచి మనిషే గానీ సినిమా ఎన్నడూ పూర్తిగా చూసి ఎరగరు. ఏదో ఒకటి చెయ్యి, జనం బెంచీలు విరగ్గొట్టేలా ఉన్నారు అన్నారు. ఆయన చెప్పింది అంతే. కత్తెర ఆలోచన నాదే.

కొయ్యడం అప్పట్లో మా హాళ్ళలో అలవాటు. పత్తి తీతకీ మిరప కోతకీ వచ్చిన కూలీలు బస్సు అందుకోవాలి కాబట్టి, డబ్బింగ్ సినిమాల్లో మాటల ముక్కలు తీసి ఫైటింగులు ఉంచేవాళ్ళం. తీసిన ముక్కలు డబ్బాలో దాచి, ప్రింటు వెళ్ళిపోయే రోజున మళ్ళీ అతికించేవాళ్ళం. తప్పు చేస్తున్నామని ఎవరం అనుకోలేదు. నేనైతే నా అంత బాగా కోసేవాడు జిల్లాలో లేడని మురిసిపోయేవాణ్ణి. ఆ తొమ్మిది నిమిషాలూ తీసి, డబ్బా మీద సుద్దతో మూగ ముక్క అని రాసి అలమరలో పెట్టాను.

శనివారం సినిమా రైలులా పరిగెత్తింది. ముసలాయన ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. మీటల వరస ఆ అమ్మాయికి ఎలా తెలిసిందనీ అడగలేదు. దాంతో నాకు ఇంకా ధైర్యం వచ్చింది.

ఆదివారం

ఆదివారం మ్యాట్నీ వదిలాక ఇనప మెట్లెక్కి ఒకావిడ క్యాబిన్లోకి వచ్చింది. ఆవిడతో పాటే మిరప ఘాటు వచ్చి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. మార్తమ్మ అని, మిరప కళ్ళాల్లో తొడిమలు తీసే మనిషి. ఎప్పుడూ కూతురు కరుణతో కలిసి సినిమాకి వచ్చేది. కరుణకి ఇరవై ఏళ్ళుంటాయి. పుట్టు చెవుడు, మాట రాదు. చెవిటి పిల్లల హాస్టలు స్కూల్లో పదో తరగతి దాకా చదివి, తల్లితోనే కళ్ళానికి వెళ్ళేది.

"ఆ చేతుల ముక్క ఏది నాయనా?" అంది మార్తమ్మ.

తీసేశామని చెప్పాను. ఎందుకని అడిగింది.

"దానికి సౌండు లేదు కదమ్మా. జనం గోల చేస్తున్నారు."

"నా బిడ్డకి ఏ సినిమాలో ఉంది నాయనా సౌండు?"

ఆవిడ కూలబడి మిగతాది చెప్పింది. ఎప్పుడూ సినిమా కథ కరుణకి వేళ్ళతో చెప్పేది తనేనట. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే కొంగు చాటున చెప్పేదట. శుక్రవారం ఆ ముక్క వచ్చేసరికి తనకీ అర్థం కాలేదు, పక్కవాళ్ళకీ అర్థం కాలేదు. కరుణకి అర్థమైంది. చేతులతో తల్లికి చెప్పింది, తల్లి బెంచీ మొత్తానికి చెప్పింది. ఇరవై ఏళ్ళలో కూతురు తనకి కథ చెప్పడం అదే మొదలు అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకోబోయి, మిరప చేతులు కదా, ఆగిపోయింది.

శనివారం కరుణ పని మానేసి బస్సెక్కి చీరాల, వాడరేవు తిరిగింది. తనతో హాస్టల్లో చదువుకున్న నలుగురిని కూడగట్టింది. మన చేతులతో మాట్లాడే సినిమా ఉంది, మీరు కూడా చూడాలని ఒప్పించి ఆదివారానికి పిలుచుకొచ్చింది. తీరా సినిమాలో ఆ ముక్క లేదు. వాళ్ళు కరుణ కట్టుకథ చెప్పిందనుకున్నారు. అయిదున్నర బస్సుకి వెళ్ళిపోతున్నారు.

కంతలోంచి చూశాను. ఖాళీ హాల్లో అయిదుగురు అమ్మాయిలు. కరుణ గబగబా చేతులు తిప్పుతోంది. వాడరేవు పిల్ల చేతులు కట్టుకుని తల తిప్పేసుకుంది. వాళ్ళలో చేతులు కట్టుకోవడమంటే ఇక నీతో మాట్లాడను అని. అంతకన్నా గట్టిగా చెప్పే వీలు వాళ్ళ భాషలో లేదని మార్తమ్మ చెప్పింది.

గడియారంలో నాలుగూ యాభై. ఫస్ట్ షో ఆరింటికి. సుబ్బారావు గారు టీకి ఇంటికి వెళ్ళారు. షోల మధ్య మిషన్ వెయ్యడమంటే ఉద్యోగానికే ముప్పు. కానీ ఆ కట్టుకున్న చేతుల్ని చూశాక నాకు నిలబడబుద్ధి కాలేదు. వాళ్ళని కుర్చీ తరగతిలో కూర్చోబెట్టమ్మా అన్నాను.

డబ్బా తీసి, మిషన్లోకి ఎక్కించడానికి ముందొక తెల్ల ఫిల్ము ముక్క అతికించి, కార్బన్ వెలిగించాను. సౌండు పెట్టె మీట వెయ్యనే లేదు. నా సర్వీసులో అలా వేసిన షో అదొక్కటే.

మొదటి నిమిషం అయిదు తలలూ కదలలేదు. తర్వాత ఒకటొకటిగా చేతులు లేచాయి. కుర్చీలు ఎత్తులో ఉంటాయి కదా, ఆ చేతుల నీడలు తెర అడుగున పడ్డాయి. ముసలాయన పైన సైగ చేస్తుంటే కింద నీడలు అదే చేస్తున్నాయి. వాడరేవు పిల్ల నాలుగో నిమిషం దాకా బిగదీసుకునే ఉంది. ఆ తర్వాత కట్టుకున్న చేతులు విప్పి కరుణ భుజం మీద ఒకటి వేసింది. ఆఖర్న ముసలాయన మళ్ళీ చెప్పు అన్నప్పుడు తెర మీద అమ్మాయితో పాటు అయిదుగురూ అప్పజెప్పారు. మిషన్ పక్కన నిలబడి నేను ఏడ్చాను. కార్బన్ పొగ అని నాకు నేనే చెప్పుకున్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో సుబ్బారావు గారు.

"సౌండు ఏదిరా?"

"ఈ ముక్కకి లేదండీ."

ఆయన కంతలోంచి కాసేపు చూశారు, తెర వైపు కాదు, ఆ పిల్లల వైపు. బాగుందిరా అన్నారు. తిట్టలేదు. రేపట్నుంచి కలిపి వేద్దామా అని గొణిగాను. మొన్న బెంచీ విరిగేదాకా వచ్చింది, వద్దన్నారు. నేను కదలకపోతే మెల్లగా అన్నారు, "జనానికి లేని బాధ నీకేంటిరా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

బస్సెక్కే ముందు మార్తమ్మ మళ్ళీ పైకొచ్చింది. "అయిదుగురికి చూపించావు, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు. రేపట్నుంచి అందరికీ వెయ్యి నాయనా. ఆ రోజు బెంచీ వాళ్ళు పల్లెంతా చెప్పారు. వాళ్ళొచ్చి చూస్తే ఉండాలిగా, నా బిడ్డ చెప్పింది."

అలాగేనమ్మా అన్నాను. ఆ మాట నేను అన్నాను.

మంగళవారం

సోమవారం వెయ్యలేదు. మంగళవారం మ్యాట్నీకి కరుణ ఒక్కతే వచ్చింది. జాయింట్ వేసిన చోటు వచ్చింది, పోయింది, ఫైటింగు మొదలైంది. ఆమె లేచి నిలబడింది. తెరకి వీపు పెట్టి, ప్రొజెక్టర్ వెలుగులో మొహం ఎత్తి సరిగ్గా నా కంతకేసి చూసింది. రెండు చేతులూ కట్టుకుంది.

కూర్చోమని వెనకవాళ్ళు అరిచారు. ఆమెకి వినబడదు. తెర మీద పేలుళ్ళు, తెర కింద ఆమె. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను, నేను కంత దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాను.

చాలా ఏళ్ళు ఈ నేరం సుబ్బారావు గారి మీద తోసి బతికాను. నిజం అది కాదు. నేను కలిపి వేస్తే ఆయనకి తెలిసేది కాదు, తెలిసినా ఒకపూట అరిచి ఊరుకునేవారు. మళ్ళీ ఆ ఈలలు వస్తాయని భయపడ్డాను. ఆపరేటర్ చేతకానివాడని ఊరంతా అనుకుంటుందేమోనని భయపడ్డాను. నా పేరు కాపాడుకోవడానికి ఆమె మాట అబద్ధం చేశాను. కొత్తగా పనికి వచ్చినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కింద ఈలలు వేసేవాళ్ళు ఎప్పుడూ వినబడతారు. వెయ్యనివాళ్ళని మనమే వెతుక్కోవాలి. వాళ్ళు మూడో బెంచీలో ఉంటారు.

ప్రింటు వెళ్ళిపోయే రోజున ఆ ముక్కని నా చేతనైనంత శ్రద్ధగా అతికించాను. డబ్బాలో ఒక చీటీ పెట్టాను, సౌండు పోలేదు, కోయవద్దు అని. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా ఏ సినిమాలోనూ కత్తెర పెట్టలేదు. రెండేళ్ళకి అదే ప్రింటు ఉదయం ఆటలకి మళ్ళీ వచ్చింది. చీటీ అందులోనే ఉంది. కింద ఎవరో ఆపరేటర్లు రాశారు. కోయలేదు అని ఒకరు, కోశాం గానీ అతికించాం అని ఇంకొకరు. నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది. మైకు పట్టుకుని, ఇప్పుడొచ్చే ముక్కకి సౌండు ఉండదు, ఓపిగ్గా చూడండి అని జనానికి చెప్పి పూర్తిగా వేశాను. ఇద్దరు ముగ్గురు ఈల వేశారు. మిగతావాళ్ళు చూశారు. అంతే, నేను అన్నాళ్ళు భయపడింది అంతమాత్రానికి. కరుణకి కబురు పెడితే, కుట్టుపని నేర్చుకుని చీరాల వెళ్ళిపోయిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

చీరాల

ఆ ముగ్గురు పిల్లలూ వెళ్ళిన మర్నాడు ఒకరికి ఫోన్ చేసి సినిమా కథ మాత్రం చెప్పాను. సాయంత్రానికల్లా ఆ సినిమా నా ఫోన్లోకి పంపారు. తెల్లారి చీరాల బస్సెక్కాను. బజారు వీధుల్లో అడిగితే కరుణ టైలరు దుకాణం ఇట్టే చూపించారు.

జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. బల్ల మీద గుడ్డ పరుచుకుని సుద్దతో గీతలు గీస్తోంది. గోడ మీద మార్తమ్మ ఫోటోకి దండ ఉంది. నన్ను చూసింది. గుర్తుపట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. సుద్ద కింద పెట్టి, నింపాదిగా చేతులు కట్టుకుంది. కళ్ళల్లో నవ్వు ఉందో లేదో నేను చెప్పలేను.

క్షమించమ్మా అన్నాను. పెదవులు చదవగలదో లేదో తెలియదు. ఫోన్ తీసి సినిమా పెట్టి ఆమె ముందు ఉంచాను.

చెవులు పేలిపోయే ఫైటింగు నడిచింది. ఇప్పుడు చూస్తే ఆ ఓడ అట్టపెట్టెలా ఉంది, తుపాకులు ఆటబొమ్మల్లా ఉన్నాయి. తర్వాత ముసలాయన రేకు ముక్క మీద కొట్టుకుపోవడం మొదలైంది. ఫోన్లోంచి వయొలిన్లు వినబడుతున్నాయి. ఆ ముక్కకి ఎవరో మ్యూజిక్కు కలిపారు. ఈలలకి భయపడే మస్తాన్‌లు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబోలు. దుకాణంలో జాకెట్టు కొలతలకి వచ్చినావిడ అటు తిరిగి చూసింది. కరుణకి ఏమీ తెలియదు. ఆమె చూస్తున్నది మొదటి శుక్రవారం చూసిన సినిమానే.

ఆ రోజు సౌండు కోసం వేళ్ళు కాల్చుకున్నాను. ఈసారి ఫోన్ పక్కన మీట నొక్కి సౌండు పూర్తిగా తగ్గించాను.

ఇద్దరం చూశాం. ఎప్పుడు విప్పిందో నేను గమనించలేదు, కరుణ చేతులు ముసలాయనతో పాటు కదులుతున్నాయి. తొమ్మిది నిమిషాలూ అయ్యాక బల్ల మీద సుద్ద తీసుకుని, నల్ల గుడ్డ మీద ఒక్క మాట రాసింది. మళ్ళీ.

సినిమా మళ్ళీ పెట్టమంటోందనుకుని ఫోన్ అందుకోబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, నా చేతుల వైపు వేలు చూపించింది.

పిడికిలి కిందికి లాగాను. అరచెయ్యి బోర్లించాను. మూడో సైగ తప్పాను. ఆమె నా వేళ్ళు పట్టుకుని సరిచేసి, మొదటినుంచి చెప్పమంది.